వంటింటికి వినైల్ ఫ్లోరింగ్: మందం చూసి కొనకండి, పైపొర చూసి కొనండి

షాపులో వినైల్ ఫ్లోరింగ్ అడిగితే ముందు వినపడేది మందమే. "ఇది నాలుగు ఎంఎం, అది ఆరు ఎంఎం, ఆరైతే గట్టిగా ఉంటుంది సార్" అంటారు. అంకె అబద్ధం కాదు. కానీ వంటింట్లో ఆ నేల ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది దాన్నిబట్టి తేలదు. ఆరు మిల్లీమీటర్లలో ఒకటిన్నర మిల్లీమీటర్లు అడుగున అతికించిన ఫోమే కావచ్చు. మన కాళ్ళ కింద నిజంగా అరిగేది అన్నిటికన్నా పైన ఉండే పారదర్శకమైన పొర ఒక్కటే. చౌకరకంలో అది 0.1 మి.మీ. ఉంటుంది, మంచిరకంలో 0.5 మి.మీ. ఉంటుంది. కొనే రోజు ఆ తేడా కంటికి ఆనదు. కొన్నేళ్ళు గడిచాక సింకు ముందు, పొయ్యి ముందు, మనిషి నిలబడి నిలబడి పని చేసే ఆ రెండు చోట్లా తెల్లబడ్డ మచ్చలై కనిపిస్తుంది.

దీనికి కారణం పలక తయారీలోనే ఉంది. పలక మీద కనపడే టేకు, దాని చారలు, ముడులు అన్నీ పల్చటి ప్లాస్టిక్ రేకు మీద అచ్చువేసిన ఫోటో. ఆ ఫోటో కింద గట్టి దిమ్మ, పైన పారదర్శకమైన పీవీసీ (వినైల్ అనేది దీన్నే) పొర, దానికీ పైన అల్ట్రావయొలెట్ కాంతితో గట్టిపరిచిన పాలీయురేథేన్ పూత ఉంటాయి. మరకలు అంటకుండా ఆపేది పూత, అరుగుదలను తట్టుకునేది పీవీసీ పొర. దీన్నే 'వేర్ లేయర్' అంటారు. అది అరిగి బొమ్మదాకా వస్తే ఇక బాగుచేసే దారి లేదు. నిజం చెక్కయితే చిత్రిక పట్టి మళ్ళీ పాలిష్ పెట్టుకోవచ్చు, ఫోటోకి ఆ అవకాశం లేదు.

వేర్ లేయర్ అడిగినప్పుడు ఒక మెలిక ఉంటుంది. కొన్ని డబ్బాల మీద అది మిల్లీమీటర్లలో ఉంటుంది, కొన్నిటి మీద 'మిల్'లలో ఉంటుంది. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.0254 మి.మీ. అంటే 12 మిల్ సుమారు 0.3 మి.మీ., 20 మిల్ సుమారు 0.5 మి.మీ. "ఇరవై మిల్" అన్న మాట చెవికి పెద్దగా వినపడుతుంది, అందుకే ఏ కొలతో అడిగి తెలుసుకోండి. ఇద్దరు ముగ్గురున్న ఇంటి వంటింటికి 0.3 మి.మీ. కనీసం. పిల్లలు, పనిమనిషి, రోజుకు మూడు పూటలా వంట ఉన్న ఇంటికి 0.5 తీసుకోవడమే సరైన లెక్క. బేరమాడేటప్పుడు మొత్తం మందంలో ఒక మిల్లీమీటరు తగ్గించుకోండి గానీ ఈ పొరలో మాత్రం తగ్గకండి. డబ్బా మీద, ఎంత వాడకాన్ని తట్టుకుంటుందో చెప్పే యూరప్ పద్ధతి అంకెలుంటే పని ఇంకా సులువు. ఇంటి బొమ్మ పక్కన 21, 22, 23 అని, భవనం బొమ్మ పక్కన 31 నుంచి 34 దాకా ఉంటాయి. వంటింటికి 23 లేదా 31కి తక్కువ వద్దు.

మీకు దొరికేవి నాలుగు రకాలు. చుట్టలుగా వచ్చే షీటు ఒకటి, సాధారణంగా రెండు మీటర్ల వెడల్పుతో వస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల మందాన జిగురుతో అతికించే పలకలు రెండోవి, వీటిని ఎల్‌వీటీ అంటారు. సున్నపురాతి పొడి, పీవీసీ కలిపి చేసిన గట్టి దిమ్మతో, ఒకదానిలో ఒకటి 'క్లిక్'మని బిగుసుకునేవి ఎస్‌పీసీ. అదే క్లిక్ పద్ధతిలో, నురుగులాంటి తేలిక దిమ్మతో వచ్చేవి డబ్ల్యూపీసీ. చివరిది కాలికి మెత్తగా, హాయిగా ఉంటుంది. కానీ ఫ్రిజ్ కాళ్ళు, గ్యాస్ సిలిండర్ అంచు దాని మీద గుంట పెడతాయి, అందుకని వంటింటికి పక్కన పెట్టేయొచ్చు. మిగతా మూడింటిలో ఏది అన్నది మీ ఇంట్లో నీళ్ళ వాడకాన్ని బట్టి ఉంటుంది.

ఈ మాట షాపులో ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. 'వాటర్‌ప్రూఫ్' అని డబ్బా మీద రాసి ఉంటుంది. నిజమే, పలకను బకెట్లో ముంచి నెల రోజులు ఉంచినా ఏమీ కాదు. లామినేట్‌లా ఉబ్బదు, చెద పట్టదు. అయితే వాటర్‌ప్రూఫ్ అయింది పలకే గానీ నేల కాదు. క్లిక్ పలకలు నేలకు అంటుకోకుండా దాని మీద పరుపులా తేలుతూ ఉంటాయి. చుట్టూ గోడ దగ్గర సందు వదలాలి. చెంబుడు నీళ్ళు ఒలికి వెంటనే తుడిస్తే ఫర్వాలేదు. శుక్రవారం శుక్రవారం బకెట్టు నీళ్ళు పోసి, చీపురుతో తూము వైపు తోసి కడిగే ఇల్లయితే ఆ నీళ్ళు గోడ సందులోంచి అడుగుకు దిగుతాయి. పైన ఆరిపోయినా కింద ఆరడానికి గాలి ఆడదు. కొన్ని వారాలకు మొదలయ్యే ముక్కిపోయిన వాసన ఎక్కడినుంచి వస్తోందో అంతుపట్టదు. పలకలు విప్పి చూస్తే ఫోము నల్లగా బూజు పట్టి ఉంటుంది.

కాబట్టి కడిగే అలవాటు ఉన్న వంటింటికి షీటే సరైనది. అతుకు లేకుండా ఒకే ముక్కగా పరిచి, అంచుల్ని గోడ మీదికి మూడు నాలుగు అంగుళాలు ఎక్కించొచ్చు. నీళ్ళకు దిగే దారే ఉండదు. మన వంటిళ్ళ కొలతలు దీనికి బాగా కలిసొస్తాయి. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉన్న వంటిల్లు తీసుకోండి. ఎనిమిది అడుగులంటే 244 సెం.మీ., రెండు మీటర్ల చుట్టకు మించిపోయింది. కానీ పొడుగు గోడ వెంబడి రెండడుగుల గట్టు ఉంటే నడిచే నేల ఆరు అడుగులే, అంటే 183 సెం.మీ. చుట్టలో ఇంకా 17 సెం.మీ. మిగులుతుంది, రెండు పక్కలా ఎనిమిదేసి సెంటీమీటర్లు పైకి మడవచ్చు. పొడవులో 305కి మరో 20 సెం.మీ. కలిపి కోయించుకుంటే సరిపోతుంది. ఎల్ ఆకారం గట్టు ఉండి అతుకు తప్పనిసరైతే ఆ అతుకు సింకు ముందు రాకుండా చూసుకోండి, దాన్ని వేడి గాలితో వినైల్ తీగ కరిగించి వెల్డింగ్ చేయించండి. ఉత్త జిగురు అతుకు అంచు కొన్నాళ్ళకు పైకి లేస్తుంది.

తడిగుడ్డ పెట్టి తుడిచే అపార్టుమెంటు వంటిల్లయితే ఎస్‌పీసీ చాలు. వేయడం ఒక్కరోజు పని, పాత టైల్స్ పగలగొట్టక్కర్లేదు. నేలలో నీళ్ళ తూము ఉన్న వంటింట్లో మాత్రం క్లిక్ పలకలు వద్దే వద్దు.

ఇక సహజంగా కనిపించడం. కొన్నవాళ్ళు ఎక్కువగా నిరాశపడేది ఇక్కడే, ఎందుకంటే షాపులో చూసేది ఒక్క పలకను. ఒక పలక ఎప్పుడూ అందంగానే ఉంటుంది. ఇంట్లో ముప్ఫై పలకలు పరిచాక అదే ముడి, అదే వంకర చార పక్కపక్కనే నాలుగు చోట్ల కనపడితే కన్ను వెంటనే పట్టేస్తుంది. నిజం చెట్టులో రెండు పలకలు ఒకేలా ఉండవు కదా. చౌకరకాల్లో మూడు నాలుగు బొమ్మలే మళ్ళీ మళ్ళీ వస్తాయి, మంచివాటిలో పది దాటి ఉంటాయి. షాపులో డబ్బా మొత్తం విప్పించి పది పలకలనూ నేల మీద పరిపించండి. ఒక స్పష్టమైన ముడిని ఎంచుకుని అది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. విప్పనన్నారంటే ఇంకో షాపు చూసుకోవడం మేలు.

తర్వాత పలకను కంటి ఎత్తుకు తెచ్చి కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోండి. పైన చేతికి తగిలే గరుకు గాడులు కింద బొమ్మలోని చారల వెంటే నడుస్తున్నాయా, లేక బొమ్మకీ వాటికీ పొంతన లేదా? గాడి, చార కలిసి నడిచే పద్ధతిని ఈఐఆర్ అంటారు. చెక్కను చెక్కలా కనిపించేలా చేసేది ముఖ్యంగా ఇదే. ముడి బొమ్మ మీద వేలు పెడితే ముడే చేతికి తగలాలి. మెరుపు తక్కువగా ఉండాలి, తళతళలాడేదాన్ని చూడగానే ప్లాస్టిక్ అని తెలిసిపోతుంది, గీతలూ ఎక్కువ కనిపిస్తాయి. పలక అంచులు కొద్దిగా వాలుగా చెక్కి, ఆ వాలుకు కూడా రంగు వేసి ఉంటే పలకకూ పలకకూ మధ్య నీడ పడి విడివిడి చెక్కల్లా అనిపిస్తుంది. గాడులు మరీ లోతుగా ఉన్నవి మాత్రం వంటింటికి వద్దు. దోసెల పిండి ఒలికి గాడిలో ఎండితే బ్రష్షు పెట్టి గీకాల్సి వస్తుంది. తడి మీద కాలు జారకుండా ఉండటానికి ఆర్10 అనే అంకె ఉన్నది చాలు.

రంగు విషయంలో మధ్యస్థంగా ఉండే టేకు ఛాయే వంటింటికి అన్నిటికన్నా ఓర్పు గలది. నల్లటి నేల మీద బియ్యప్పిండి, బోరునీళ్ళ ఉప్పు మరకలు దూరానికి కనపడతాయి. తెల్లటి నేల మీద పులుసు చుక్క కనపడుతుంది. చారలున్న గోధుమరంగు రెండిటినీ దాస్తుంది. రాయిలా కావాలంటే తాండూరు నాపరాయి ఛాయలకు దగ్గరగా ఉండే మట్టిరంగులు మన ఇళ్ళలో ఇమిడిపోతాయి, మెరిసే ఇటాలియన్ మార్బుల్ బొమ్మ వినైల్ మీద ఎప్పుడూ అతకదు. ఏదైనా సరే, నమూనా ముక్కను ఇంటికి తెచ్చి మీ వంటింటి లైటు కిందే చూడండి. షాపు పసుపు లైట్ల కింద వెచ్చగా కనిపించిన చెక్క, ఇంట్లో తెల్ల ఎల్‌ఈడీ కింద బూడిదరంగుకు తిరుగుతుంది. చిన్న వంటిళ్ళకు ఆరేడు అంగుళాల వెడల్పు పలకలు చాలు.

ఆ నమూనాను ఊరికే చూసి వదిలేయకండి. పసుపు, నూనె, కారం కలిపిన ముద్ద ఒక మూల పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున సబ్బునీళ్ళతో తుడవండి. పూత మంచిదైతే మరక పోతుంది, లేదా లేత ఛాయ మిగిలి ఎండలో పెడితే వెలిసిపోతుంది, ఎందుకంటే పసుపు రంగు వెలుతురుకు నిలవదు. తుడిచేటప్పుడు మరక ఉన్నట్టుండి ఎర్రబడితే కంగారు పడకండి. దిష్టి తీసే ఎర్రనీళ్ళలో పసుపుకు సున్నం చేసే పనే ఇక్కడ డిటర్జెంటులోని క్షారం చేస్తుంది. మంచినీళ్ళతో మళ్ళీ తుడిస్తే ఎరుపు పోతుంది. ఇంకో మూల నాణెంతో గట్టిగా గీయండి. మధ్యలో ఇసక చల్లి చెప్పుకాలితో రాయండి. వినైల్‌కు అసలు శత్రువు ఇసకే. అరికాలికి అంటుకొచ్చిన ఇసక రేణువు పీవీసీ కన్నా ఎన్నో రెట్లు గట్టిది. దేవుడి మూల వేసే రాతి ముగ్గు కూడా కాళ్ళ కింద పడితే గరుకు కాగితంలా పనిచేస్తుంది. ముగ్గు వేసేది పీట మీదికి మార్చుకుంటే నేల బతుకుతుంది.

గీతలు పడకూడదని చాలామంది చేసే పని ఒకటి నేలను శాశ్వతంగా పాడుచేస్తుంది: సింకు ముందు రబ్బరు మ్యాటు వేయడం, ఫ్రిజ్ కింద రబ్బరు బిళ్ళలు పెట్టడం. రబ్బరు పాతబడకుండా అందులో కలిపే రసాయనాలు మెల్లగా పీవీసీలోకి దిగి పసుపు, గోధుమరంగు మచ్చ పెడతాయి. అది పైన అంటిన మరక కాదు, లోపలి రంగే మారిపోవడం. ఏ సబ్బుకూ పోదు. మ్యాటు కావాలంటే నూలుదో, అడుగున రబ్బరు లేనిదో వేయండి. సిలిండర్ సంగతీ ఇంతే. నిండు సిలిండర్ గ్యాసు 14.2 కిలోలు, ఇనుము బరువు కలిపితే సుమారు 30 కిలోలు. దాన్ని అంచు మీద వాల్చి దొర్లిస్తే అడుగున ఉండే ఇనుప వలయం నేల మీద అర్ధచంద్రాకారంలో గాటు పెడుతుంది, తడి తగిలితే తుప్పు మరక కూడా తోడవుతుంది. చక్రాల ట్రాలీ వాడండి, చక్రాలు మెత్తటి పాలీయురేథేన్‌వి అయి ఉండాలి.

వేడి మరో సంగతి. పీవీసీ సుమారు 80 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. తాలింపు చిట్లి పడే చుక్కలు అంతలోనే చల్లారతాయి, వాటితో ఇబ్బంది లేదు. కుక్కర్ని పొయ్యి మీంచి దించి నేరుగా నేల మీద పెడితే గుండ్రటి ముద్ర పడుతుంది. గిన్నెలు కింద పెట్టుకుని వడ్డించే ఇంట్లో చెక్క పీటో, కుదురో ఎప్పుడూ చేతికి అందేలా ఉండాలి.

ఇంత చూసి మంచి సరుకు కొన్నా, కింద నేల సరిగా లేకపోతే డబ్బు దండగే. రెండు మీటర్ల అల్యూమినియం పట్టీని నేల మీద నాలుగు దిక్కులా ఆనించి చూడండి. కింద 3 మి.మీ. కన్నా ఎక్కువ సందు కనపడితే తనంతట తానే సమంగా పరుచుకునే సెల్ఫ్ లెవెలింగ్ సిమెంటుతో మట్టం చేయించాలి. గుంట మీద పరిచిన ఎస్‌పీసీ పలక అడుగు పడ్డప్పుడల్లా లోపలికి వంగి లేస్తుంది. కొన్ని నెలలకు పల్చటి క్లిక్ అంచు విరిగి పలకల మధ్య సందు పడుతుంది. "మెటీరియల్ బాలేదు" అని చెప్పుకునే కేసుల్లో చాలావరకు తప్పు ఈ గుంటదే. పాత టైల్స్‌ను తడుతూ బోలు శబ్దం వచ్చేవాటిని తీసి సిమెంటుతో నింపాలి. షీటు గానీ జిగురు పలకలు గానీ వేస్తుంటే టైల్స్ మధ్య సందులన్నీ పూడ్చాలి, లేకపోతే కొన్నాళ్ళకు ఆ గళ్ళు పైకి అచ్చు తేలతాయి. పొయ్యి చుట్టూ ఏళ్ళ తరబడి పేరుకున్న నూనె జిడ్డును పూర్తిగా వదిలించకపోతే అక్కడ జిగురు పట్టదు.

కింది అంతస్తు ఇళ్ళలో, కొత్త ఇళ్ళలో చెమ్మ చూడాలి. అడుగున్నర చదరపు పాలిథిన్ షీటును నేల మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో మూసేసి కనీసం 16 గంటలు వదిలేయండి. తీసినప్పుడు అడుగున నీటి చుక్కలున్నా, నేల రంగు ముదిరినా పని ఆపండి. కొత్తగా పోసిన కాంక్రీటు ఆరడానికి అంగుళం మందానికి సుమారు నెల అని లెక్క వేసుకోండి. అన్ని రోజులు నీళ్ళు పట్టారు కాబట్టి ఆరిందనుకోవద్దు, క్యూరింగ్ వేరు, ఆరడం వేరు.

పరిమాణం లెక్క చూద్దాం. ఇందాకటి వంటింట్లో నడిచే నేల 60 చదరపు అడుగులు. కోతల్లో పోయేది పది శాతం కలిపితే 66. ఒక పలక 7.2 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు అయితే 2.4 చదరపు అడుగులు, పది పలకల డబ్బా 24. మూడు డబ్బాలు కావాలి. అన్నిటి మీదా ఒకే బ్యాచ్ నంబరు ఉందో లేదో చూసుకోండి, బ్యాచ్ మారితే ఛాయ మారుతుంది.

డబ్బాలను ఆ గదిలోనే 48 గంటలు పడుకోబెట్టి ఉంచాలి. పరిచే ముందు వరుసలు లెక్కపెట్టాలి. నేల వెడల్పు 6 అడుగుల 1 అంగుళం అనుకోండి. రెండు పక్కలా 8 మి.మీ. సందు వదిలి పది వరుసలు వేస్తే, చివర సెంటీమీటరు కూడా లేని ముక్క మిగులుతుంది, దాన్ని బిగించడం కుదరదు. మొదటి వరుసనే 3.8 అంగుళాలకు కోసి మొదలుపెడితే చివరిదీ అంతే వస్తుంది. పక్క పక్క వరుసల్లో అడ్డ అతుకులు కనీసం 20 సెం.మీ. ఎడంగా ఉండాలి. గోడ దగ్గర, గట్టు కింద, ద్వారబంధం దగ్గర ఎక్కడా ఆ 8 మి.మీ. సందు మరవకూడదు. ఎండాకాలం తలుపులేసి ఊరెళ్ళిన ఇంట్లో వేడికి నేల సాగుతుంది, సందు లేకపోతే గది మధ్యలో డేరాలా లేస్తుంది. ఇదే కారణంగా మాడ్యులర్ కప్‌బోర్డుల బరువు తేలే నేల మీద పడకూడదు. కప్‌బోర్డు కాళ్ళు పాత నేల మీద నిలబెట్టి, పలకలను వాటి ముందుదాకా తెచ్చి ఆపాలి. సింకు వైపు సందులో మాత్రం నురుగు తాడు నొక్కి పైన సిలికాన్ పట్టించండి, సాగడానికి చోటు ఉంటుంది, నీళ్ళు దిగవు. గట్టు కింద డిష్‌వాషర్ ఉంటే దాని ముందు నేల ఎత్తు పెరిగి రేపు రిపేరుకు బయటికి లాగలేని పరిస్థితి వస్తుంది. ముందే కొలుచుకోండి, తలుపు కింది అంచు కూడా.

జిగురు పలకలకైతే కంపెనీ చెప్పిన పళ్ళ కరణీతోనే జిగురు పూయాలి, పరిచాక 45 కిలోల రోలర్‌తో రెండు దిక్కులా నొక్కించాలి. పనివాళ్ళు రోలర్ తేకుండా చేత్తో తట్టి వెళ్ళిపోతే, మూలలు లేవడం మొదలయ్యేదాకా ఆ సంగతి బయటపడదు.

ఆరోగ్యం గురించి ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి. పీవీసీ వేడికి చెడకుండా ఏదో ఒక స్టెబిలైజర్ కలుపుతారు, అది సీసమా, కాల్షియం జింకా? మన దేశంలో 2021లో వచ్చిన సీసం నియమాలు పీవీసీ పైపులకు, ఫిట్టింగులకు సంబంధించినవి, నేల పలకలకు కావు. పాత ప్లాస్టిక్ కరిగించి చేసిన చౌక దిమ్మలో ఏముందో బయటికి తెలియదు. నేల మీద పాకే పసిబిడ్డ ఉన్న ఇంట్లో, సీసం లేదని, థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే రసాయనాలు) లేవని రాతపూర్వకంగా చూపించే సరుకే తీసుకోండి. డబ్బా విప్పగానే ఘాటు వాసన కొట్టేదాన్ని వెనక్కి పంపండి.

తుడవడానికి బకెట్టు నీళ్ళలో కొద్దిగా మెత్తటి సోపు చాలు. బాత్రూముల యాసిడ్, బ్లీచింగ్, థిన్నర్, గోళ్ళరంగు చెరిపే ద్రవం తగలనివ్వకండి. ఆవిరి మాపు వద్దు, వేడి ఆవిరి అతుకుల్లోకి దూరి పొరల్ని విడదీస్తుంది.

మిగిలిన పలకల్ని పారేయకండి. ఎస్‌పీసీలో ఒక పలక పాడైతే దగ్గరి గోడ దాకా వరుసలు విప్పి ఆ ఒక్కటీ మార్చొచ్చు, కానీ రెండేళ్ళకు అదే డిజైన్ బజార్లో దొరుకుతుందన్న నమ్మకం లేదు. వాటిని అటక మీద పెట్టకండి, వేడికి వంకర తిరుగుతాయి. మంచం కింద, సమతలంగా పడుకోబెట్టి, డబ్బా మీది బ్యాచ్ నంబరు చింపకుండా ఉంచండి.